గ్రామ గ్రంథాలయమున ఉమ్మడి బీరువా

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు బీరువాలు చాలక పోవుట సహజము. అయితే నేటి గ్రంథాలయమున బీరువాలలో పట్టని సంపద మరియొకటి పెరుగుచున్నది. స్కాను చేసిన పాత గ్రంథములు, పోటీపరీక్షల ప్రశ్నపత్రములు, వ్యవసాయ కరపత్రములు, గ్రామోత్సవముల ఛాయాచిత్రములు, వృద్ధుల నోట విని రికార్డు చేసిన పాటలు, చందా లెక్కలు, ఇవన్నియు కంప్యూటరులో ఫైళ్ళుగా నుండును. అచ్చుపుస్తకము ఒకచోట పోయినను వేరొకచోట దొరకవచ్చును. గ్రామపు ఛాయాచిత్రమునకు, వృద్ధురాలి పాటకు ఉన్నది ఒక్కటే ప్రతి. అది పోయినచో మరి దొరకదు. అందుచేత ఈ ఫైళ్ళను అందరికి అందించుట యెట్లు, అందించుచునే కాపాడుట యెట్లు అను ప్రశ్న ప్రతి గ్రంథాలయమును ఆలోచింపవలసినదే. నేటి ప్రసంగ విషయము ఇదియే.

ఉమ్మడి బీరువా యనగా నేమి?

ఒక గ్రంథాలయమున నాలుగు కంప్యూటర్లున్నవనుకొందము. సాధారణముగా జరుగునది యేమనగా, మొదటిదానిలో పుస్తకములుండును, రెండవదానిలో లెక్కలుండును, మూడవదానిలో ఛాయాచిత్రములుండును. ఒకదానిలోనిది మరియొకదానిలో కావలసినప్పుడు పెన్ డ్రైవు చేతబట్టుకొని తిరుగుదురు. కొలది నెలలలో ఒకే పుస్తకము నాలుగు చోట్ల నాలుగు పేర్లతో చేరును. ఏది సరియైన ప్రతియో చెప్పువారుండరు. పెన్ డ్రైవుతో పాటు వైరసు కూడ ఇంటింటికి ప్రయాణము చేయును. ఇది ప్రతి పాఠకుడు తన పుస్తకమును తన పెట్టెలో పెట్టి తాళము వేసికొన్నట్లున్నది. దానిని గ్రంథాలయమనరాదు.

దీనికి పరిష్కారము ఉమ్మడి బీరువా. ఒక కంప్యూటరును ప్రత్యేకించి, దానిలో ఫైళ్ళన్నిటిని చేర్చి, తక్కిన కంప్యూటర్లు దానియొద్దనుండి చదువుకొనునట్లు చేయుదురు. ఇచ్చెడు కంప్యూటరునకు సర్వరు అనియు, పుచ్చుకొనెడు వానికి క్లయింట్లు అనియు పేర్లు. వీనిని కలుపు తీగలు, ఆ తీగలన్నియు చేరు స్విచ్చి అను చిన్నపెట్టె, ఇవి కలిసి స్థానిక నెట్‌వర్క్ అగును. సామాన్యముగా వాడు రాగి తీగ ఒక్కొక్కటి 100 మీటర్ల వరకు పనిచేయును; గ్రంథాలయ భవనమునకు అది చాలును. గిగాబిట్ స్విచ్చి సెకనునకు 125 మెగాబైట్ల వరకు మోయగలదు. 50 మెగాబైట్ల స్కాను పుస్తకము ఒకటి రెండు సెకనులలో బల్లమీదికి వచ్చును.

ఇచ్చట ఒక ముఖ్య విషయము గమనింపవలెను. దీనికి ఇంటర్నెట్టుతో పనిలేదు. బయటి లైను తెగిపోయిన దినమున కూడ గ్రంథాలయములోని ఫైళ్ళు గ్రంథాలయములో అందును. 1935లో కృష్ణా డెల్టా కాలువలపై పుస్తకములను పడవలో నుంచి పాఠకుల ఊళ్ళకు చేర్చినవారు తమకందుబాటులోనున్న నీటిదారినే వాడుకొనిరి. స్థానిక నెట్‌వర్క్ కూడ అట్టి చేరువ దారియే. నాలుగు గోడల నడుమ పుస్తకము పాఠకునియొద్దకు నడచిపోవును.

సాంబా పుట్టు పూర్వోత్తరములు

ఒక కంప్యూటరు మరియొకదానిని ఫైలు అడుగవలెనన్నచో రెంటికిని తెలిసిన భాష యొకటి యుండవలెను. విండోస్ కంప్యూటర్లు వాడు భాషకు ఎస్.ఎం.బి. అని పేరు. దీనిని 1983లో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించెను. తరువాత మైక్రోసాఫ్ట్ దానిని పెంచి తన విండోస్‌లో చేర్చుకొనెను.

1991 డిసెంబరులో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయమున ఆండ్రూ ట్రిడ్జెల్ అను పరిశోధక విద్యార్థి యుండెను. తన చిన్న కంప్యూటరునుండి విభాగములోని యూనిక్స్ యంత్రముపై నున్న ఫైళ్ళను చూడవలెనని అతని కోరిక. ఆ భాష నియమములు అతనియొద్ద లేవు. రెండు యంత్రములు తీగపై మాటలాడుకొనుచుండగా వాని మాటలను పట్టి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చుచున్నదో చూచి, ఆ జవాబులిచ్చెడు ప్రోగ్రామును తానే వ్రాసెను. పరదేశమున కాఫీ హోటలులో కూర్చుండి ప్రక్కవారి మాటలు వినుచు భాష నేర్చికొనుట వంటిదని ఈ పద్ధతిని ఆయన తరువాత వర్ణించెను. 1992 జనవరిలో ఆ ప్రోగ్రామును అందరకు ఉచితముగా విడుదల చేసెను. మొదట పెట్టిన పేరు వేరొక వ్యాపార సంస్థ హక్కునకు తగులుటచే, 1994లో ఎస్, ఎం, బి అక్షరములు వరుసగా వచ్చు పదములను నిఘంటువులో వెదకి, ఒక నృత్యము పేరైన 'సాంబా'ను ఎన్నుకొనెను.

నాటినుండి నేటివరకు అనేక దేశముల వారు దీనిని పెంచుచున్నారు. 2004లో ఐరోపా కమిషన్ మైక్రోసాఫ్ట్ తన భాష వివరములను ఇతరులకు తెలుపవలెనని నిర్ణయించెను. 2007 సెప్టెంబరులో న్యాయస్థానము ఆ నిర్ణయమును ఖాయపరచెను. ఆ సంవత్సరము డిసెంబరులో 10,000 యూరోలు ఒక్కమారు చెల్లించి, సాంబా వారికి ఆ వివరములందునట్లు ఒడంబడిక కుదిరెను. చెవియొగ్గి నేర్చిన భాషకు పదునారేండ్లకు వ్యాకరణము చేత బడినది.

ఈ కథ గ్రామ గ్రంథాలయమునకేల యనవచ్చును. సాంబాకు వెల లేదు. దానిని వాడుటకు, పరిశీలించుటకు, మార్చుటకు, ఇతరులకిచ్చుటకు అందరకు హక్కు కలదు. చందాలతో నడచు సంస్థ సర్వరునకై సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. పాతదైనను చెడని కంప్యూటరు, దానిలో డెబియన్ గాని ఉబుంటు గాని యను ఉచిత లినక్స్, దానిపై సాంబా ఉన్నచో చాలును. ధనము పెట్టవలసినది మంచి డిస్కులకును, విద్యుత్తు పోయినను యంత్రమును కొంతసేపు నిలుపు యు.పి.ఎస్.కును. విద్యుత్తు హఠాత్తుగా పోవుట డిస్కులోని వ్రాతకు ముఖ్య శత్రువు.

స్థాపనా క్రమము

ముందుగా సర్వరునకు స్థిరమైన చిరునామా కావలెను. ఇంటినంబరు దినదినము మారినచో ఉత్తరములు చేరవు. స్థానిక నెట్‌వర్క్‌లకై ప్రత్యేకింపబడిన చిరునామాలలో 192.168తో మొదలగునవి ఎక్కువ వాడుకలో నున్నవి. రూటరులో సర్వరుకొరకు 192.168.1.10 వంటి అంకెను కేటాయించి, దానిని మరియే యంత్రమునకు ఇయ్యకుండునట్లు వ్రాసి యుంచవలెను.

తరువాత కంప్యూటరు ముందు కూర్చుండుటకు పూర్వము కాగితముపై ఒక పట్టిక వ్రాసికొనవలెను. ఈ పట్టికయే అసలు పని. తక్కినది దానిని యంత్రమునకు చెప్పుట మాత్రమే. బీరువాకు మూడు అరలు చాలును. మొదటిది 'పుస్తకములు': అందరును చదువవచ్చును, గ్రంథపాలకులు మాత్రమే చేర్చవచ్చును, తీయవచ్చును. రెండవది 'కార్యాలయము': చందా లెక్కలు, సభ్యుల వివరములు అందుండును, పాలకవర్గమునకు తప్ప ఇతరులకు కనబడరాదు. మూడవది 'సమర్పణ': పాఠకులు తాము తెచ్చిన ఛాయాచిత్రములను, వ్రాతలను అందులో వేయుదురు, గ్రంథపాలకుడు పరిశీలించి, తగినవానిని మొదటి అరలోనికి మార్చును. అందరికిని పఠనాధికారము, కొందరికి లేఖనాధికారము అను పాత గ్రంథాలయ నియమమే ఇది. పాఠకుడు పుస్తకము చదువును గాని జాబితా పుస్తకములో గీతలు గీయడు కదా.

ఇప్పుడు మనుష్యులను నమోదు చేయవలెను. లినక్స్‌లో 'పాలకులు', 'వర్గము' అను రెండు సమూహములు సృష్టించి, వారివారి పేర్లను అందు చేర్చుదురు. పాఠకులందరికి కలిపి 'పాఠకుడు' అను ఒక్క పేరు చాలును. ఆ పేరుతో సర్వరు ముందు కూర్చుండి పనిచేయుటకు వీలులేకుండ చేయవలెను. ఈ పేర్లను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుట మేలు. చాలమంది తొట్రుపడునది ఇచ్చటనే. లినక్స్ పాస్‌వర్డు వేరు, సాంబా పాస్‌వర్డు వేరు. లినక్స్‌లో పేరు చేర్చినంత మాత్రమున సాంబా వారిని ఎరుగదు. 'ఎస్.ఎం.బి. పాస్‌వర్డ్' అను ఆజ్ఞతో ప్రతివారిని సాంబా పట్టికలో మరల చేర్చవలెను.

అతిథులకు పాస్‌వర్డు లేకుండగనే తలుపు తీయరాదా యని అడుగవచ్చును. సాంబాలో 'గెస్ట్ ఓకే' అను సదుపాయము కలదు. కాని 2017నుండి విండోస్ 10లోని కొన్ని రకములును, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రోయును అట్టి అనామక ప్రవేశమును తామే నిరాకరించుచున్నవి. కావున గోడపై వ్రాసి పెట్టదగిన సామాన్య పాస్‌వర్డుతో 'పాఠకుడు' అను పేరుంచుటయే నేటికి చిక్కులేని మార్గము.

సాంబా నియమములన్నియు ఒకే ఫైలులో నుండును. దాని పేరు 'ఎస్.ఎం.బి. డాట్ కాన్ఫ్'. అందు మొదటి భాగము 'గ్లోబల్', అనగా బీరువా కంతటికి వర్తించునది. ఆ తరువాత ఒక్కొక్క అరకు ఒక్కొక్క భాగము, చదరపు కుండలీకరణములలో పేరుతో మొదలగును. 'పుస్తకములు' అను భాగమున 'పాత్' అను పంక్తి ఫైళ్ళున్న చోటును చెప్పును. 'రీడ్ ఓన్లీ' యనుదానికి 'యెస్' అని వ్రాసినచో అందరికి పఠనము మాత్రమే. 'రైట్ లిస్ట్' అను పంక్తిలో పాలకుల సమూహమును పేర్కొన్నచో వారికి వ్రాయుటకును అధికారము కలుగును. 'కార్యాలయము' భాగమున 'వాలిడ్ యూజర్స్' అను పంక్తిలో వర్గమును మాత్రమే పేర్కొనవలెను. తక్కినవారిని ద్వారమువద్దనే ఆపివేయును.

ఇంతటితో పని తీరినదనుకొని, తీరా చూడగా పాలకుడు ఫైలు చేర్చలేక పోవును. కారణము, ఈ బీరువాకు రెండు తలుపులున్నవి. మొదటి తలుపు సాంబా నియమము. రెండవది లినక్స్ డైరెక్టరీకి స్వయముగా నున్న అధికార చిహ్నము. రెండును తెరచియున్నప్పుడే ప్రవేశము. ఏ తలుపు బిగువుగానున్న దానిదే పైచేయి. లినక్స్ ఈ చిహ్నములను అంకెలతో చెప్పును. చదువుటకు 4, వ్రాయుటకు 2, డైరెక్టరీలో ప్రవేశించుటకు 1. ఈ మూటిని కూడగా వచ్చు అంకెలు మూడు వరుసగా నుండును: మొదటిది యజమానికి, రెండవది సమూహమునకు, మూడవది ఇతరులకు. 'పుస్తకములు' డైరెక్టరీకి 775 అని పెట్టినచో యజమానికి 7, సమూహమునకు 7, ఇతరులకు 5 కలుగును. అనగా ఇతరులు ప్రవేశించి చదువగలరు, వ్రాయలేరు. 'కార్యాలయము'నకు 770 పెట్టవలెను. ముందు మరియొక 2 చేర్చి 2775, 2770 అని వ్రాసినచో, క్రొత్తగా చేరు ప్రతి ఫైలును ఆ డైరెక్టరీ సమూహమునకే చెందును. అటులైన ఒక పాలకుడు చేర్చినదానిని వేరొక పాలకుడు సవరింపగలడు. సాంబాలోని 'క్రియేట్ మాస్క్' పంక్తిలో 'పుస్తకముల'కు 0664, 'కార్యాలయము'నకు 0660 పెట్టుటయు ఇందులకే.

నియమములు వ్రాసిన పిదప 'టెస్ట్‌పార్మ్' అను ఆజ్ఞ నడిపినచో, ఫైలులోని అక్షరదోషములను అది చూపును. అటుపై సాంబా సేవను మరల ప్రారంభింపవలెను. విండోస్ కంప్యూటరులో చిరునామా పట్టీయందు రెండు వెనుకవాలు గీతలు, ఆపై సర్వరు అంకె వ్రాసినచో అరలు కనబడును. గ్రంథపాలకుడు 'పాఠకుడు' పేరుతో ప్రవేశించి, అదే యంత్రమున వెంటనే తన పేరుతో ప్రవేశింప జూచినచో విండోస్ ఒప్పుకొనదు. ఒక సర్వరునకు ఒకేసారి రెండు పేర్లు కుదరవని చెప్పును. మొదటి బంధమును తెంచి రెండవది కలుపవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలోని కొన్ని ఫైలు మేనేజర్లతోను, 2019నుండి ఐఫోనులోని ఫైల్స్ అనుదానితోను కూడ వైఫై ద్వారా ఈ అరలను చూడవచ్చును.

తుది పరీక్ష ఒకటి మరువరాదు. 'పాఠకుడు' పేరుతో ప్రవేశించి, 'పుస్తకములు'లోనుండి ఒక ఫైలును తుడిచివేయుటకు ప్రయత్నింపవలెను. అది విఫలము కావలెను. 'కార్యాలయము' తెరచుటకు ప్రయత్నింపవలెను. అదియు విఫలము కావలెను. తెరచుకొనవలసిన తలుపు తెరచుకొన్నదని సంతోషించుటతో పని ముగియదు. మూసియుండవలసిన తలుపు మూసియున్నదని చూచినప్పుడే ముగియును.

తెలుగు పేర్లు

ఫైళ్ళకు తెలుగులోనే పేర్లు పెట్టవచ్చునా? నిస్సంశయముగా పెట్టవచ్చును. 2003లో వచ్చిన సాంబా 3.0 నుండి యూనికోడు అక్షరములను అది స్వీకరించుచున్నది. అయితే ఒక పరిమితి కలదు. లినక్స్ డిస్కుపై ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, తెలుగు చిహ్నమునకు మూడు బైట్లు. కావున తెలుగు పేరు 85 చిహ్నములకు లోబడవలెను. గుణింతము, పొల్లు, సున్న ఒక్కొక్కటియు వేరు చిహ్నములే. 'గ్రంథాలయము' అను మాట కంటికి ఐదక్షరములుగా తోచినను, కంప్యూటరునకు పది చిహ్నములు, అనగా 30 బైట్లు. పాతకాలపు పుస్తకములకు అట్టమీద నుండు దీర్ఘ శీర్షికలను యథాతథముగా ఎక్కించినచో ఫైలు చేరదు. కర్త పేరు, గ్రంథ నామము, ముద్రణ సంవత్సరము అను మూడు మాత్రమే పెట్టుట ఉత్తమము. ప్రశ్నార్థకము, న్యూన బిందువులు, నక్షత్రపు గుర్తు, ఏటవాలు గీత పేర్లలో వాడరాదు. విండోస్ వానిని అంగీకరింపదు.

మరియొక హెచ్చరిక. యూనికోడు కాని పాత ఖతులతో టైపు చేసిన వ్రాతలు ఆ ఖతి లేని యంత్రమున అర్థము లేని అక్షరములుగా కనబడును. అట్టివానిని అరలో చేర్చుటకు ముందే యూనికోడునకు మార్చుకొనవలెను. మార్చని ఫైలు ఉన్నను లేనట్లే.

ఏమి చేర్చవచ్చును అను ప్రశ్నయు కలదు. 1957 నాటి భారత కాపీరైటు చట్టము ప్రకారము, రచయిత జీవించియుండగా ప్రకటింపబడిన గ్రంథమునకు ఆ రచయిత గతించిన పిదప 60 సంవత్సరముల వరకు హక్కులు నిలుచును. 1915లో గతించిన గురజాడ అప్పారావు, 1919లో గతించిన కందుకూరి వీరేశలింగము వంటివారి రచనలు అందరి సొత్తు. జీవించియున్న రచయిత పుస్తకమును అనుమతి లేక స్కాను చేసి పంచుట గ్రంథాలయ ధర్మము కాదు.

ప్రమాదము ఎటునుండి వచ్చును?

2017 మే 12వ తేదీన 'వానాక్రై' అను దుష్ట ప్రోగ్రాము లోకమును చుట్టుముట్టెను. అది ఎస్.ఎం.బి. భాష యొక్క మొదటి రూపమును విండోస్ అమలుచేసిన తీరులో నున్న లోపమును పట్టుకొని, ఒక యంత్రమునుండి మరియొకదానికి తానే ప్రాకుచు, ఫైళ్ళన్నిటిని గూఢలిపిలోనికి మార్చి, విడుదలకు సొమ్మడిగెను. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసంస్థలలో మూడవవంతు వరకు చిక్కులపాలయ్యెను. వేలకొలది రోగుల నియామకములు రద్దయ్యెను. ఆంధ్రప్రదేశ్‌లోను కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు దాని పాలబడెను. విచారకరమైన విషయమేమనగా, ఆ లోపమునకు మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరము మార్చి 14వ తేదీననే మందు విడుదల చేసియుండెను. మందు వేసికొనని యంత్రములే నష్టపడెను.

లినక్స్ వారికి భయము లేదనుకొనుట పొరపాటు. ఆ మే నెల 24వ తేదీన సాంబాలోను ఒక తీవ్ర లోపము ప్రకటింపబడెను. 2010లో వచ్చిన 3.5 రూపమునుండి ఏడేండ్లు అది ఎవరి కంటను పడక యుండెను. ప్రకటనతో పాటే సవరణయు వచ్చెను.

వీనినుండి నేర్వవలసిన నియమములు మూడు. ఒకటి, సర్వరుకు వచ్చు సవరణలను ఎప్పటికప్పుడు వేయవలెను. రెండు, ఎస్.ఎం.బి. మొదటి రూపమును అనుమతింపరాదు. 2019లో వచ్చిన సాంబా 4.11 నుండి అది తనంత తానే దానిని నిరాకరించును. పాత యంత్రమొకటి పనిచేయుట లేదని చెప్పి ఎవరును దానిని మరల తెరువరాదు. మూడు, ఈ బీరువా గ్రంథాలయపు గోడలు దాటి పోరాదు. ఎస్.ఎం.బి. వాడు ద్వారము 445 సంఖ్య గలది. సర్వరులోని ఫైర్‌వాల్‌లో 192.168.1.0/24 అను స్థానిక చిరునామాల శ్రేణికి మాత్రమే దానిని తెరువవలెను. ఇంటినుండి కూడ చూచుకొనవచ్చునని రూటరులో ఆ ద్వారమును బయటి ప్రపంచమునకు తెరచుట, రాత్రివేళ గ్రంథాలయమును నడివీధిలో నిలుపుట వంటిది.

రెండవ ప్రతి

ఎంత జాగ్రత్త పడినను డిస్కు చెడును, మనుష్యుడు పొరబడును. పొరపాటున తుడిచినదానికి సాంబాలో 'రీసైకిల్' అను ఏర్పాటు కలదు. తుడిచిన ఫైలు వెంటనే పోక ఒక మూలగదిలో నిలిచియుండును. ఒకే వ్రాత రెండు డిస్కులపై పడునట్లు చేయు పద్ధతియు కలదు; ఒక డిస్కు చెడినను రెండవది పనిచేయును. కాని దీనిని చూచి నిశ్చింతగా నుండరాదు. వైరసు ఒక డిస్కును పాడుచేసినచో రెండవదియు అదే క్షణమున పాడగును. పిడుగు పడినచో రెండును కలిసి పోవును.

నిజమైన రక్షణ విడిగా దాచిన నకలు. పత్తొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను తెలుగు తాళపత్రములను సేకరించి, పండితులచే పాఠములను పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అట్టి నకళ్ళ వలననే అనేక గ్రంథములు తరువాతి తరముల చేతికందెను. నేటి నకలునకు వారముల పని లేదు. వారమునకొకసారి ఫైళ్ళన్నియు ఒక బయటి డిస్కులోనికి ఎక్కించి, దానిని సర్వరునుండి విడదీసి, గ్రంథాలయములో గాక వేరొక ఇంట భద్రపరచవలెను. రెండు డిస్కులు మార్చి మార్చి వాడుట మరియు మేలు. మూడు నెలలకొకసారి ఆ డిస్కునుండి కొన్ని ఫైళ్ళను వెలికితీసి తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు, విప్పి చూడని మూటవంటిది. అందేమున్నదో ఆపద వచ్చిననాడు గాని తెలియదు.

తాళపుచెవి ఎవరియొద్ద?

యంత్రములను గూర్చి చెప్పవలసినది చెప్పబడినది. మనుష్యులను గూర్చి ఒకమాట మిగిలినది. అనేక సంస్థలలో ఇట్టి పని ఉత్సాహవంతుడైన ఒక్క యువకుని చేతిమీదుగా సాగును. అతడు చదువుకొరకో ఉద్యోగము కొరకో ఊరు విడిచిపోవును. పాస్‌వర్డు అతనితో పోవును. సర్వరు కొంతకాలము నడచి, ఒకనాడు ఆగును. ఏ అర ఎచ్చటనున్నదో చెప్పువారుండరు. గ్రామపు ఏకైక ప్రతులు తాళము వేసిన బీరువాలో చిక్కుకొనును. వైరసు చేయు హాని కంటె ఇది తక్కువది కాదు. పైగా ఇందు దోషము ఆ యువకునిది కాదు, అతని ప్రక్క రెండవవానిని కూర్చుండబెట్టని సంస్థది.

కావున సర్వరు నిర్వహణము కనీసము ఇరువురకు తెలిసియుండవలెను. సర్వరు పాస్‌వర్డును కవరులో నుంచి, ముద్రవేసి, కార్యదర్శియొద్ద దాచవలెను. పుస్తకముల చేరిక జాబితావలెనే సర్వరునకును ఒక రిజిష్టరు ఉండవలెను: ఏ తేదీన ఏ నియమము మార్చబడినది, ఎందులకు, ఎవరిచేత, నకలు ఎప్పుడు తీయబడినది. ఇది కాగితముపైనే యుండవలెను. సర్వరు ఆగిననాడు సర్వరులోని రిజిష్టరు చదువ వీలుపడదు. గ్రంథపాలకుడు గాని పాలకవర్గ సభ్యుడు గాని పదవి విడిచిననాడు అతని పేరును సాంబా పట్టికనుండి తొలగింపవలెను. ఇందు అవిశ్వాసమేమియు లేదు. బీరువా తాళపుచెవి అప్పగించి పోవుట వంటిదే.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో, పుస్తకములు వాడుకకొరకే యనునది మొదటిది. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి యనునది చివరిది. వాడుకకొరకు తలుపు తెరువవలెను; పెరుగుటకొరకు ఉన్నదానిని కాపాడవలెను. ఈ రెంటికి విరోధము లేదని ఉమ్మడి బీరువా ఋజువు చేయును. సరియైన నియమమున్నచోట ఎందరు చదివినను ఫైలు అరగదు, చిరగదు. ఎవరింట తీసికొనిపోయినను అరలో నుండనే యుండును.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమున ఇరువదియైదేండ్ల రిజిష్టర్లు, ఛాయాచిత్రములు, సభల కరపత్రములు ఉండకపోవు. వానిలో చాలవానికి రెండవ ప్రతి లేదు. చందాదారులలో కంప్యూటరు నేర్చిన యువతీయువకులిద్దరు ముందుకు వచ్చి, పట్టిక కాగితముపై వ్రాసి, మొదటి అరలో మొదటి ఛాయాచిత్రమును చేర్చి, మొదటి నకలును వేరొక ఇంట దాచిననాడు, స్వర్ణోత్సవమునాటి పాఠకులు నేటి ఊరిని చూడగలుగుదురు.

స్వస్తి.